మసేను తల్లి ముఖం

నాయనా హరీషూ,

అసిరమ్మ పిన్ని దీవెనలు. నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఇది మీ చెల్లి హేమ చేతికిచ్చి పంపుతున్నాను. నా రాత సంగతి తెలుసు కదా, కూడబలుక్కుని చదువుకో.

శనివారం క్లబ్బు హాల్లో నీ సినిమాకి నేనూ వచ్చాను. కుర్చీలు విసిరినప్పుడు గోడవార నిలబడిపోయాను. ఠాకురాణి అమ్మవారి యాత్రలో పులివేషం కట్టే మసేనుగా నా కొడుకు ఫణి ఆడిన నీ ముందు సినిమాలు మూడు భాగాలకీ ఈలలు వేసిన పిల్లలే, ఇప్పుడు మసేను చిన్నప్పటి కథ తీశావని నీ బేనరు చింపేశారు. జగ్గన్న అరిచింది నువ్వూ వినే ఉంటావు. “ఈల ఎక్కడ నేర్సుకున్నాడో సెప్పినావు, మచ్చ ఎలాగొచ్చిందో సెప్పినావు. ఇంక తుమ్ము ఎక్కడ నేర్సుకున్నాడో ఇంకో పార్టులో సెప్తావేటి?” అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు గానీ వాడన్నది అబద్ధం కాదు. ఆ మూడు భాగాల్లో నువ్వు చెప్పకుండా వదిలినవన్నీ ఎవరికి వాళ్లు మనసులో అల్లుకుని పెట్టుకున్నారు. ఇప్పుడొచ్చి అది కాదు, ఇదీ అన్నావు. ఈ సినిమాలో చిన్న మసేనుని నూతిలో పడేశావు. వాడు పెద్దయి యాత్రలో ఆడతాడని తెలిసినవాళ్లకి భయమెలా వస్తుంది?

నా బాధ వేరే. ఆ మూడు భాగాల్లోనూ మసేను తల్లి కనపడదు. తలుపు వెనక నుంచి “ఒరే, అన్నం సల్లారిపోతంది!” అని గొంతు ఒక్కటే వినిపిస్తుంది. అది నా గొంతు. నన్ను నటించమని నువ్వు చెప్పలేదు, నేను నిజంగానే ఫణిని తిండికి పిలుస్తున్నాను. వాడూ మొహాన రంగు కడుక్కోకుండానే “వత్తన్నానే అమ్మా” అన్నాడు. ఇప్పుడు ఆ గొంతుకి ఒక ముఖం పెట్టావు. పట్టుచీర కట్టిన ఎవరో పిల్ల, కొడుకుని యాత్రలో వదిలేసి పోయే తల్లి. మా వీధి పుణ్యవతి అడగనే అడిగింది, “ఏటే అసిరీ, ఫణిని నువ్వెప్పుడొగ్గేసినావే?” అని. వేళాకోళానికే అంది. ఆ పూట నేను తినలేదు.

ఆ పిల్ల గొంతు తీసేసి నా గొంతు పెడతానని హేమతో కబురు పంపావు. “పిన్ని గొంతుంటే జనం ఊరుకుంతారు” అన్నావట. నేనివ్వను. ఎవరితోనూ అనని మాట ఒకటి చెప్తాను. ఉప్పు మడుల దగ్గర మీ షూటింగుకి వస్తూ హుమ్మ రోడ్డు మీద ఫణి లారీ కింద పడ్డాక, వాడి చిన్నతనమంతా నాకు నీ ఈ సినిమాలాగే ముందు కథ అయిపోయింది. చివర తెలిసిపోయిన కథ. వాడు గోడ పట్టుకుని మొదటిసారి నిలబడింది తలుచుకున్నా ఆ రోడ్డే కనపడుతుంది. అందుకే తలుచుకోవడం మానేశాను. ఎవరినీ అన్నానికి పిలవడమూ మానేశాను. మళ్లీ అడగకు.

ఇట్లు,
ఫణి అమ్మ,
అసిరమ్మ

హరీషూ, నా తండ్రీ,

నా ఉత్తరం చూశాక హేమ మళ్లీ గొంతు అడగలేదు. మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. “అన్న గది తలుపు తియ్యట్లేదు పిన్నీ. పెట్టిన కంచం పెట్టినట్టే ఉండిపోతంది. నాకు భయమేస్తంది” అంది. లోపలినుంచి పలుకు రాకపోతే ఎలా ఉంటుందో నాకొకరు చెప్పాలా? ఆ పిల్ల ముఖం తీసేసి వట్టి తలుపు చూపించాలని షరతు పెట్టి, హేమ ఫోనులో ఆ మాట పలికాను.  

అది విని నువ్వు సినిమాలో అతికించాక నిన్న మళ్లీ ఆట వేశారు. నువ్వు లోపలికి రాలేదు, బయట పాన్ కొట్టు దగ్గరే నిలబడ్డావట. ఇంటికెళ్లి మళ్లీ గడియ పెట్టుకున్నావని హేమ చెప్పింది. అందుకే లోపలేం జరిగిందో రాస్తున్నాను. జనం మొదటి నుంచీ గుర్రుగానే ఉన్నారు. జగ్గన్న ముందున్న కుర్చీ వీపు పట్టుకునే కూర్చున్నాడు.  తెర మీద మా తలుపు వచ్చింది. “ఒరే, అన్నం సల్లారిపోతంది!”  తెర మీద చిన్న మసేను నోరు తెరిచేలోపే జగ్గన్న అన్నాడు, “వత్తన్నానే అమ్మా.” ఎగతాళి కాదురా. వాడి పక్కవాడన్నాడు, ముందు వరుస అంది, తర్వాత హాలంతా. ఎవరి అమ్మకి వాళ్లు చెప్పుకున్నారు.

అన్ని గొంతుల్లో నేనొక గొంతు వెతికాను. లేదు. ఉండదని తెలిసే వెతికాను. కానీ ఇంటికొచ్చాక ఫణి గోడ పట్టుకుని నిలబడింది తలుచుకుంటే, గోడే కనపడింది. రోడ్డు రాలేదు.

సినిమా మాత్రం ఇప్పటికీ బాగోలేదు. ఆ నూతి సీను తీసెయ్యి. ఈల సంగతీ తీసెయ్యి.

పలికిన గొంతుల్లో నీదీ లేదు. ఎండుచేపల పులుసు పెట్టాను. గడియ తీసి రా. ఒరే హరీషూ, అన్నం సల్లారిపోతంది.

పీట వేసి కూర్చున్న
నీ అసిరమ్మ పిన్ని