రెండో సంతకం

జనవరి 5
మెయిల్ వచ్చింది. ఎయిర్‌లైన్ వాళ్ళది. ఫ్లైట్ డిస్పాచర్ పోస్టుకి రాతపరీక్ష, ఇంటర్వ్యూ, రెండూ ఎనిమిదో తారీఖునే. ఆఫీసులో పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళ ఫిర్యాదులు నా పేరు మీద బోలెడు పడి ఉన్నాయి... ఉండనీ. నాలుగేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పాస్‌వర్డులు మారుస్తున్నాను. ఇది రాకపోతే ఐదో ఏడూ అదే. నాకీ ఉద్యోగం కావాలి. కావాలంటే కావాలి.

హాస్టల్‌కి వచ్చి నా రూమ్మేట్ రమ్యకి చెప్పాను. "అయితే విమానం ఎక్కేస్తావన్నమాట." ఎక్కను. నేల మీదే కూర్చుని ఏ దారిన పోవాలో, ఎంత ఇంధనం పోయాలో, అక్కడ దిగలేకపోతే ఇంకెక్కడ దిగాలో ముందే తేల్చి ఇస్తాను. అంతా విని, "అంటే అమ్మ క్యారేజీ కట్టిచ్చినట్టు," అంది కాకినాడ పిల్ల. కాదనలేకపోయాను.

జనవరి 6
నాన్నకు ఫోన్. సిద్దిపేట బస్సు డ్యూటీ దిగి డిపోలో ఉన్నాడు. "గా కెప్టెన్ చెప్తే నువ్వు ఇనాల్నా, నువ్వు చెప్తే ఆయన ఇనాల్నా?" ఇద్దరం ఒప్పుకుంటేనే విమానం కదులుతుంది, ఇద్దరి సంతకాలూ పడాలి అన్నాను. దానికి నాన్న — "గీ ముచ్చట మా డిపో మేనేజర్‌కు జర చెప్పరాదు."

జనవరి 7
చదివిందేదీ గుర్తు లేదు. రెండు ప్లేట్ల పునుగులు.

జనవరి 8
ఈ రోజు నా తెలివి గురించి రాయాలి.

మెయిల్లో 0900 అని ఉంది. విమానాలవాళ్ళు గ్రీన్‌విచ్ టైములో రాస్తారు, మనం ఐదున్నర గంటలు కలుపుకోవాలి. కోర్సులో ఆరు నెలలు ఇదే రుద్దారు. కలుపుకున్నాను. మధ్యాహ్నం రెండున్నర. పొద్దున తీరిగ్గా తలంటుకుని వచ్చేసరికి ఫోన్. "ఎక్కడున్నారండీ? తొమ్మిదింటికి రమ్మన్నాం కదా."

హెచ్ఆర్ వాళ్ళు మామూలు గోడ గడియారమే చూస్తారట. నాకెవరు చెప్పారు?

తడి జుట్టు. బైక్ టాక్సీ. నిజాంపేట నుంచి గచ్చిబౌలి దాకా హెల్మెట్ లోపల ఏడుపు. పది నలభైకి చేరాను. రాతపరీక్ష అయిపోయింది. రిసెప్షన్‌లో అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. లోపలికెళ్ళి చెప్పింది. లోపల నవ్వులు... చాలాసేపు నవ్వులు. చివరికి తెల్లజుట్టాయన బయటికొచ్చారు. మూర్తి గారు, అక్కడ అందరికంటే పెద్ద డిస్పాచర్. "మీ లెక్కన దాదాపు నాలుగు గంటలు ముందే వచ్చారమ్మా. కూర్చోండి, రెండున్నరకే పెడదాం."

పెట్టారు. రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాను. తర్వాత ఇంటర్వ్యూ — హైదరాబాద్ నుంచి ఢిల్లీ, తెల్లవారుజామున, ఢిల్లీలో పొగమంచు. కెప్టెన్ వేషం మూర్తి గారిదే. ఢిల్లీలో దిగలేకపోతే జైపూర్ అని కాగితంలో ఉంది. వాతావరణం చూస్తే జైపూర్‌కూ మంచు వచ్చేలా ఉంది. అహ్మదాబాద్ అన్నాను. అది దూరం. ఇంధనం ఎక్కువ కావాలి, బరువు మించుతుంది, సరుకు కొంత దించాలి. ఆయన గొంతు పెంచారు. "ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నా. జైపూర్ చాలు. సంతకం పెట్టు."

అంత పెద్దాయనకు ఎదురుచెప్పడం మా ఇంట్లో నేర్పలేదు. "సరుకు దించితే పెడతాను సార్. లేకపోతే పెట్టను." ఆయన ఏదో రాసుకుని, "సరే, వెళ్ళొచ్చు," అన్నారు.

పోయినట్టే. ఆ ముఖం చూస్తే అలాగే ఉంది.

జనవరి 12
ఫోన్ రాలేదు.

జనవరి 14
రాలేదు. "గ్రీన్‌విచ్ టైములో చేస్తారేమోలేవే," అంది రమ్య. దిండు విసిరాను.

జనవరి 19
వచ్చింది. తీసుకున్నారు. ఆఫీసు మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఇంత సంతోషం ఒక్క మనిషికి పడుతుందా... హెచ్ఆర్ అమ్మాయి మాట్లాడాక మూర్తి గారు ఫోన్ అందుకున్నారు. "ఆ రోజు ఐదుగురు జైపూర్‌కి సంతకం పెట్టేశారమ్మా. మీరే పెట్టలేదు." ఆ ముఖం కూడా వేషంలో భాగమేనట.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. "ఇగ ఫికర్ లేదు బిడ్డా." ఆ వెంటనే — "ఇంట్లోళ్ళకు పాసు గిట్ల ఇస్తరా?"

జూన్ 22
శిక్షణ అయింది, పరీక్షలు అయ్యాయి. ఈ రోజు మొదటిసారి నా పేరు మీద ఒక విమానం. హైదరాబాద్ – కోల్‌కతా. పక్క కుర్చీలో మూర్తి గారు, చేతులు కట్టుకుని. కోల్‌కతా చుట్టూ ఉరుముల మబ్బులు. మామూలుగా పోసేదానికంటే ఎక్కువ ఇంధనం రాశాను. కెప్టెన్ ఫోన్లో, "ఓకే మేడమ్." నన్నే. సంతకం పెట్టాను, వంకరగా.

ఇప్పుడు అది గాల్లో ఉంది. డైరీ ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. తెర మీద చిన్న బొమ్మ, ఒడిశా దాటింది. మబ్బులు తప్పించుకోడానికి పక్కకు తిరుగుతోంది, నేను గీసిన దారి వదిలేసి. "టీ తాగి రామ్మా," అంటున్నారు మూర్తి గారు. ఎలా వెళ్తాను? అందులో నిండా జనం. దిగడానికి ఇంకా ముప్పై రెండు నిమిషాలు. ఇప్పుడు కోల్‌కతా టవర్ వాళ్ళు పైనే తిరుగుతూ ఆగమన్నారట... ఇంధనం సరిపోతుంది. రెండుసార్లు చూశాను, సరిపోతుంది. మళ్ళీ చూస్తున్నా —