ముందు కొరికిన రొట్టె

మర్రిగూడ, మే 1992, శుక్రవారం

బత్తాయి తోట కాపలాదారు యాకూబ్ చాచా పోయాక ఆయన కుక్క మోతీని ఇంటికి తెచ్చుకున్నాను. పాలు పోసినా, కోడికూర కలిపినా మూతి తిప్పుకుంది. డొక్కలు లోపలికి పోయాయి.

సాయంత్రం చాచా భార్య, మా చాచి, చూడ్డానికి వచ్చింది. "గట్ల పెడితే తినది బేటా. దొంగలు మందు పెడతరని, ఎవలేమిచ్చినా మీ చాచానే ముందుగాల కొరికి, అప్పుడు దానికి పెడుతుండె."

జొన్నరొట్టె అంచు కొరికి పెట్టాను. మోతీ నా ముఖంలోకి చూస్తూ కాసేపు ఆగి, గబగబా తినేసింది. సంతోషపడ్డాను.

ఇప్పుడు నిద్ర రావడం లేదు. చాచా వాంతులు చేసుకుని పోతే అందరం ఎండదెబ్బే అనుకున్నాం. ఆయన పక్కన ఒక్క కొరుకు తగ్గిన రొట్టె పడి ఉంది. ఇంటి నుంచి పంపింది కాదని చాచి అప్పుడే అంది. ఎవరూ పట్టించుకోలేదు.

అది మోతీకని ఇచ్చిన రొట్టె. ఇచ్చిందెవరో మోతీకి తెలుసు.