మఠం వేసుకున్న కెమెరా

అపియా,
సోమవారం

పూజ్యులైన పెసమినో బాబాయికి మీ అన్న కూతురు సియెనీ వంగి దణ్ణం పెట్టి రాస్తున్నది. మీరు ఫోన్ తీయరు గనక ఓడలో ఉత్తరం పంపుతున్నాను.

మన ప్రభుత్వ టీవీకి కొత్త యంత్రాలు వచ్చాయి. ఇకమీదట ప్రత్యక్ష ప్రసారానికి ఆ డొక్కు వ్యానూ, పదిహేనుమంది మనుషులూ మీ దీవికి రానక్కర్లేదు. నాలుగు కెమెరాలు బిగించి వస్తే చాలు. వాటిని తిప్పడం, దృశ్యాలు మార్చడం అంతా ఇక్కడ, రాజధానిలోని స్టూడియోలోంచే చేస్తాం. మొదటి ప్రసారం మన ఊరు సాలేవా నుంచే, కొత్త పెద్దకు బిరుదిచ్చే సభ. ముప్పై ఏళ్ళు ఈ టీవీకే కెమెరా పట్టి, ఇప్పుడు ఊరి తరఫున సభలో మాట్లాడే వక్త మీరే కదా, పెద్దల్ని ఒప్పించండి. ఇది గానీ చెడితే మా ఛైర్మన్ మళ్ళీ వ్యానే తీయమంటారు. నా మూడేళ్ళ చాకిరీ నీళ్ళపాలవుతుంది.

మీ ఆశీస్సులు కోరే,
సియెనీ

తా.క. కరపత్రం జత చేశాను. 'కెమెరా ఉన్నచోట మీరున్నట్టే' అన్న ముక్క నేనే రాశాను.

సాలేవా,
గురువారం

అమ్మాయ్ సియెనీ,

నీ కెమెరాలు బిగించారు. నిన్న పరీక్ష అంటూ అక్కణ్ణుంచి తిప్పావు చూడు, నా కొంప ముంచావు. పెద్దలందరూ సభ ఇంట్లో చాపల మీద కూర్చుని ఉంటే మూడో కెమెరా మనిషెత్తు స్టాండు మీద నిలబడి, మెడ సాచి, అందరి నెత్తిమీంచి చూసింది. పెద్దలు కూర్చున్న ఇంట్లో ఎవడైనా నిలబడతాడా? మీ అమ్మ నీకిదేనా నేర్పింది? ఒక్కొక్కరినీ పేరు పిలిచి ఇచ్చే ఆవా పానీయం గిన్నె వచ్చేసరికి లేవాయి పెద్దగారికి వీపు కూడా తిప్పింది. "ఎవరి పిల్ల అది?" అని అడిగారాయన. మా అన్న కూతురని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తలెత్తుకోలేని,
నీ బాబాయి

తా.క. ఆ ఇంటి ముందు నుంచి మా పందులు కూడా తల దించుకుని పోతాయి.

అపియా,
శనివారం

బాబాయికి సియెనీ లెంపలేసుకుని రాస్తున్నది.

మనిషిని పంపి స్టాండ్ల కాళ్ళు కోయిస్తున్నాను. ఇక కెమెరాలు కూర్చున్న మనిషి భుజం దాటి లేవవు, వీపు తిప్పవు. కానీ ఒక్క మాట. నిలబడింది నేను కాదు, యంత్రం. నేను సముద్రానికి ఇవతల, స్టూడియోలో చక్రాలున్న ఆఫీసు కుర్చీలో ఉన్నాను. నన్నెందుకు తిడతారు?

మీ నిర్దోషి,
సియెనీ

తా.క. అమ్మ చాలానే నేర్పింది. కెమెరాకి నేర్పలేదు, అంతే.

సాలేవా,
మంగళవారం

అమ్మాయ్,

కెమెరా ఉన్నచోట ఉన్నట్టే అని అచ్చేయించావు, ఇప్పుడు లేనంటావా? ఊరి షరతులు రాస్తున్నాను, చదువుకో. యంత్రం ముట్టుకునే ప్రతివాళ్ళూ సభలో ఉన్నట్టే. సభ అయ్యేదాకా నడుముకి లావాలావా బట్ట చుట్టుకుని, నేలమీద మఠం వేసుకుని కూర్చోవాలి. కాళ్ళు చాపకూడదు. ఏమీ నమలకూడదు. ఆవా గిన్నెకి నీ పేరు పిలిస్తే బదులు పలకాలి. కాదంటే కెమెరాలు ఓడెక్కిస్తాం.

ఊరి తరఫున,
పెసమినో

తా.క. చక్రాల మీద సభకి రావడం మన వంశంలో లేదు.

అపియా,
శనివారం

బాబాయ్, గెలిచాం.

ముందుగా, మా బల్లల కాళ్ళు కూడా కోయించాను. ఎనిమిదిమందిమి చాపల మీద మఠం వేసుకుని కూర్చున్నాం. ఛైర్మన్ టీ కప్పుతో వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇది టీవీ స్టేషనా, పెళ్ళి భోజనాల బంతా? ఆపండి, ఆ వ్యాను తీయండి" అన్నారు. సరిగ్గా అప్పుడే తెరమీద మీరు కెమెరాలోకి సూటిగా చూసి, "అపియాలో ఉన్నవాళ్ళు కూర్చున్నారా?" అని అడిగారు. ఛైర్మన్ టీ కప్పుతో సహా చతికిలబడ్డారు.

మూడు గంటలు ప్రసారం ఎక్కడా తెగలేదు. తర్వాత ఒకటే ఫోన్లు. మీరు అడిగింది తమనే అనుకుని మార్కెట్లో చేమదుంపలమ్మేవాళ్ళు కూర్చున్నారట, బస్టాండులో జనం కూర్చున్నారట, బస్సులు కదల్లేదట. అయ్యాక ఛైర్మన్, "ముందు నన్ను లేపండి. ఆ వ్యానుని పాత ఇనుముకి ఇచ్చేయండి" అన్నారు. నేను అందరిముందూ ఏడ్చేశాను బాబాయ్, సిగ్గు లేకుండా.

కాళ్ళు తిమ్మిరెక్కిన,
సియెనీ

తా.క. ఆవా గిన్నెకి నా పేరు పిలవగానే ఎనిమిదిమందీ పలికారు. తొమ్మిదో గొంతు ఛైర్మన్‌ది.

సాలేవా,
సోమవారం

బంగారుతల్లీ,

ఒక సంగతి చెప్పాలి, కోప్పడకు. ఊరు ఏ షరతూ పెట్టలేదు. కెమెరాల కాళ్ళు కోసిన రోజే లేవాయి పెద్దగారు, "ఇక చాల్లే, అంత దూరంలో పిల్లలు ఎలా కూర్చుంటే మనకేం" అనేశారు. షరతులన్నీ నేను పుట్టించినవే.

ఎందుకంటావా? ముప్పై ఏళ్ళు ఇలాంటి సభ ఇళ్ళలో మోకాళ్ళ మీదే కెమెరా పట్టాను. కుర్చీలో ఉన్నవాడు తొందరపడి దృశ్యం మార్చేస్తాడు, నేల మీద ఉన్నవాడు పెద్దాయన మాట పూర్తయ్యేదాకా ఆగుతాడు. ఇది ఏ కరపత్రంలోనూ ఉండదు. చెబితే నవ్వుతావని ఊరి పేరు పెట్టాను. మొన్న లేవాయి పెద్దగారు మాటల మధ్య కళ్ళు తుడుచుకుని చాలాసేపు ఊరుకున్నారే, అప్పుడు నువ్వు ఆయన ముఖం వదల్లేదు. నేనైనా అంతే చేసేవాణ్ణి. సభ ఇంట్లో అందరికీ వినబడేలా చెప్పాను, అది నా అన్న కూతురని.

నీ బాబాయి,
పెసమినో

తా.క. పై ఊరి పెద్దలు కూడా ప్రసారం కావాలని కబురు పెట్టారు. వాళ్ళ షరతులేమిటో నేనింకా ఆలోచించలేదు.