నలభై మూడు పసుపు దారాలు

చిరంజీవి తమ్ముడు కటోంగోకి, అక్క దీవించి రాసేది. ఇక్కడ అమ్మా, నేనూ, పిల్లలూ అందరం క్షేమం, నా ఎడమ మోకాలు ఒక్కటి తప్ప. అక్కడ నువ్వూ, మరదలు మోనికా, పిల్లలూ క్షేమమని రాశావు. ఈసారి నీ అక్షరాలు కొంచెం పక్కకి ఒరిగి ఉన్నాయి కాబట్టి పూర్తిగా నమ్మలేదు. జ్వరం వచ్చి దాచిపెట్టావేమో, నిజం రాయి.

నీ ఉత్తరం మంగళవారం న్సామా పడవలో వచ్చింది. కవరు అంచున జిగురు రెండుసార్లు పూసినట్టు కనిపించి న్సామాని నిలబెట్టి అడిగాను. "నీ తమ్ముడి ఉత్తరంలో ఏముంటుంది వదినా, చేపల పొడుగులూ బరువులూ తప్ప. అవి చదవడానికి నాకేమన్నా పిచ్చా" అన్నాడు. చదవకపోతే అందులో చేపల పొడుగులున్నాయని వాడికెలా తెలిసింది? అందుకే ఈ కవరుని వల అల్లే సూదితో చుట్టూ కుట్టి పంపుతున్నాను. కుట్లు పదిహేడు. నువ్వు విప్పే ముందు లెక్కపెట్టుకో.

ఫోన్ చెయ్యవేం అని అడిగావు. పెద్ద పుట్ట ఎక్కితే తప్ప ఇక్కడ సిగ్నల్ అందదు. నేను పుట్ట ఎక్కడం మొదలుపెడితే చాలు, రేవులో ఉన్న ఆడాళ్ళందరికీ అటువైపే పని గుర్తొస్తుంది. నా మాటలు నీకంటే ముందు వాళ్ళు వింటారు. పైగా మోకాలొకటి.

ఇంటి కప్పు రేకు మార్పించాను. మావాడు సంపా బడికి వెళ్తున్నానని చెప్తున్నాడు, వాడి చెప్పుల నిండా రేవు ఇసుక ఉంటోంది. ఏదో ఒకరోజు వెనకాలే వెళ్ళి చూస్తాను. అమ్మ బాగానే తింటోంది. కటాపా ఆకు కూరలో వేరుశెనగ పొడి తగ్గిస్తున్నానని నా మీద అనుమానం. నిజంగానే తగ్గిస్తున్నాను, డాక్టరు చెప్పాడు, అమ్మతో అనకు.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. అది మూడుసార్లు చదివాను. సరిగ్గా అర్థమైందో లేదో నువ్వే చూడు. రెండు వానాకాలాల కిందట, చేపలు గుడ్లు పెట్టే గూళ్ళ మడుగులో ఆరువందల చేపల వీపున నంబరున్న పసుపు దారాలు గుచ్చి వదిలావు. ఆ చేప ఎవరి వలలో పడితే వాళ్ళు, ఎక్కడ పడిందో ఎప్పుడు పడిందో చెప్పి దారం పంపితే ఒక ఉప్పు పొట్లం ఇస్తామన్నారు. ఇప్పటికి నువ్వుండే ఆవలి దేశపు ఒడ్డు నుంచి అరవై ఒక్క దారాలు అందాయి. మన ఒడ్డు నుంచి ఒక్కటి కూడా రాలేదు. వచ్చే నెల రెండు దేశాల వాళ్ళూ కూర్చుంటారు. మన వైపు నుంచి దారం లేదంటే ఆ చేప మన వలల్లో పడడం లేదనీ, మడుగుతో మన రేవుకి పని లేదనీ రాసుకుంటారు. అప్పుడు మడుగు బాగోగులు ఆవలి ఒడ్డుకే అప్పగిస్తారు, మన పడవలు అటు తిరగకుండా ఆపేస్తారు. దారాలు ఏమవుతున్నాయో నీకేమన్నా తెలుసా అక్కా, అని అడిగావు.

నాకు అనుమానం ఉన్నవాళ్ళ సంగతి చెప్తాను. మొదటివాడు కజాడి. మీ ఒడ్డు నుంచి బట్టల మూటతో వచ్చి, బదులుగా చేపలు పట్టుకెళ్ళేవాడు. ఎవరైనా చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూస్తారు. వీడు వీపు చూస్తాడు. మన దారాలు అక్కడ తన చుట్టాల చేత ఇప్పించి ఉప్పు తీసుకుంటున్నాడేమో, నీకు వచ్చిన అరవై ఒకటిలో మనవెన్నో వాణ్ణి కూర్చోబెట్టి అడుగు. రెండోవాడు న్సామా. వాడి మీద ప్రత్యేకంగా కారణమేమీ లేదు. మూడో మనిషి చర్చి పెద్ద. ఆయన పాటల పుస్తకంలోంచి పసుపు దారం వేలాడటం నేను కళ్ళారా చూశాను. ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు వెనక నుంచి వంగి చూశాను. రిబ్బన్ ముక్క. ఆయన కూడా కళ్ళు తెరిచే ఉన్నాడు, నన్ను చూశాడు.

ఇంతవరకు రాసి లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాను. మళ్ళీ వచ్చి చదువుకుంటే సిగ్గేసింది. తమ్ముడూ, ఆ దారాలు నా దగ్గరున్నాయి. నలభై మూడు. పాలపొడి డబ్బాలో వేసి, కర్రపెండలం పిండి బస్తా కింద పెట్టాను.

నేను ఎక్కడా దొంగిలించలేదు. మన పొగబట్టీల దగ్గరికి చేప వచ్చినప్పుడల్లా ఆడాళ్ళు దారం తీసి నా చేతిలో పెట్టేవాళ్ళు, "నీ తమ్ముడిదే కదా, నువ్వే పంపించు" అని. పంపిస్తానని అనేదాన్ని. వాళ్ళు ఉప్పు కోసం ఎదురుచూశారు. రాలేదు. అప్పుడు మాటలు మొదలయ్యాయి. చోలా వాళ్ళమ్మ నోరు నీకు తెలుసు. "ఏమ్మా, మీ తమ్ముడు మా ఉప్పంతా తనే తింటున్నాడా? బీపీ వస్తుందని చెప్పు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. రెండేళ్ళుగా ఈ రేవులో నీ పేరు ఉప్పు దొంగ. పక్కన కూర్చుని ఒక్క మాట అనలేదు నేను.

ఎందుకు దాచానంటే, నేను అనుమానించింది కజాడీనీ కాదు, న్సామానీ కాదు. నిన్ను. దారంతో పాటు ఎక్కడ పట్టారు, ఏ నెలలో పట్టారు అని అడుగుతావు. గుడ్లు పెట్టే మూడు నెలలూ వల వెయ్యకూడదని ఇక్కడ రూలు. ఆవలి ఒడ్డున ఆ రూలు లేదు. వాళ్ళు పడుతుంటే మనవాళ్ళు ఇంట్లో కూర్చుంటారా? ఆ సంగతి దారం చెప్పేస్తుంది. ఈరోజు దారం అడిగినవాడు రేపు మడుగుకి అడ్డంగా ఎర్ర కర్రలు పాతుతాడనుకున్నాను. నువ్వు చేపల ఆఫీసు చొక్కా వేసుకుని, చెక్క కొలబద్ద చంకలో పెట్టుకుని, ప్రతి ముసలమ్మనీ నవ్వుతూ పలకరిస్తూ మన రేవులో దిగిన రోజున నేను పొగబట్టీ చాటుకి వెళ్ళిపోయాను. అచ్చం అలాగే నవ్వుతూ వచ్చిన ఇంకో మనిషి నాకు గుర్తొచ్చాడు.

నీకూ గుర్తుండే ఉంటాడు, నీకప్పుడు ఆరేళ్ళే అయినా. నాలుగు రోజులు మన పెరట్లోనే తిన్నాడు. అమ్మ చేతి కర్రపెండలం బ్వాలి ముద్ద మెచ్చుకున్నాడు. చేపల్ని కొలిచి పుస్తకంలో రాసుకునేవాడు. అయిదో రోజు పొద్దున్న ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చి, కర్రపెండలం నానబెట్టే గుంటల్లో తిన్నగా మూడో దాని దగ్గరికే వెళ్ళి, దుంపల కింద నాన్న దాచిన, వాడకూడని సన్నకన్ను వలలు లాగించాడు. రేవులో కుప్పపోసి కాల్చేశాడు. నాన్న ఆ సంవత్సరమంతా వేరేవాళ్ళ పడవల్లో తెడ్డు వేశాడు.

చెప్పిందెవరని ఇంట్లో గొడవైంది. నీ చేతిలో ఆ మనిషి ఇచ్చిన బిస్కెట్ పొట్లం ఉంది. ఇంక వేరే రుజువేం కావాలి? నాన్న తాడు తీశాడు. "నేను చెప్పలేదు" అని నువ్వు గొంతు పోయేదాకా ఏడ్చావు. ఇప్పటికీ పండక్కి వస్తే అమ్మ బిస్కెట్ల పళ్ళెం నీ ముందు పెట్టి "ఈసారి ఏం అమ్ముతావురా" అంటుంది, నువ్వు నవ్వేస్తావు. నువ్వు అలా నవ్వేసినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఎప్పుడైనా గమనించావా?

చెప్పింది నేను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. అతను వెళ్ళే ముందు రోజు, "నాకూ రెండు దుంపలు నానబెట్టమ్మా, మా ఇంటికి పట్టుకెళ్తాను" అని మూడో గుంటలో వెయ్యబోయాడు. "అందులో వద్దండీ, వలలున్నాయి" అన్నాను. అతను అడగనైనా అడగలేదు. మర్యాదగా మాట్లాడుతున్నాడు కదా, దుంపలకి వల నాచు అంటుతుందేమోనని నా ఆరాటం. అంతే. బిస్కెట్లు నీకు ఊరికే ఇచ్చాడు, చిన్నపిల్లాడివని.

అప్పట్నుంచి ఎవరు నవ్వుతూ పలకరించినా ఏం లాగడానికొచ్చారా అనే చూస్తాను. లోకం చెడ్డదని కాదు. నోట్లోంచి మాట ఎంత తేలిగ్గా జారిపోతుందో నాకు తెలుసు. ఆ మాట జారిందని ఒప్పుకోవడం ఎంత కష్టమో కూడా తెలుసు. అప్పుడు నిన్ను కొడుతుంటే నోరు మెదపలేదు, ఇప్పుడు నిన్ను ఉప్పు దొంగ అంటుంటే నోరు మెదపలేదు. నీ ఉత్తరం వచ్చాకే ఇంకోటి తెలిసింది. మడుగుని కాపాడుతున్నాననుకుని దాన్ని డబ్బాలో పెట్టి ఆవలి ఒడ్డుకి ఇచ్చేస్తున్నాను.

ఇక్కడిదాకా బుధవారం రాశాను. గురువారం పొద్దున డబ్బా తీసుకెళ్ళి పొగబట్టీల దగ్గర అందరి ముందూ మూత తీశాను. నీ ఉత్తరం పైకి చదివాను. చోలా వాళ్ళమ్మ చేతిలో ఉన్న చేపని కింద పెట్టింది.

"అంటే రెండేళ్ళ నుంచి ఆ పిల్లాణ్ణి నేను దొంగ దొంగ అంటుంటే పక్కన కూర్చుని పళ్ళికిలించావా?"

"అవును."

"నీకంటే న్సామా నయం. వాడు మోసం చేస్తానని ముందే చెప్తాడు."

"అనవే, ఇంకా అను."

"తర్వాత అంటాను. ముందు ఆ దారాలు ఇటు పొయ్యి."

గోనె పరిచి దారాలు దాని మీద పోసుకుని కూర్చున్నాం. నువ్వు నమ్మవు గానీ, చాలావాటికి చేప గుర్తుంది వాళ్ళకి. నేను దారాలకి ముడులు వేసి ఉంచాను, నెలకో కట్ట. నా అనుమానం పనికొచ్చింది ఇక్కడొక్కచోటే. "ఇది మా చెల్లి పెళ్ళి ముందురోజుది, రెల్లు చీలిక దగ్గర పడింది, కడుపు నిండా గుడ్లు" అని ఒకావిడ. "ఇది న్సామా పడవ బోల్తాపడ్డ వారం" అని ఇంకొకావిడ. సంపా నోటుపుస్తకం చింపి ఒక్కో దారాన్నీ ఒక్కో కాగితంలో చుట్టి, స్థలం, నెల రాశాను. తొమ్మిదింటికి ఎవరికీ గుర్తు రాలేదు. వాటి మీద తెలియదు అని రాశాను. నీకు ఇష్టమని అబద్ధం రాయలేదు.

పదకొండు దారాలు మడుగు మూసిన, వల వెయ్యకూడని నెలలవి. అక్కడ అందరి చేతులూ ఆగిపోయాయి. "పట్టామని మనమే రాసి ఇస్తామా అక్కా?" అంది చోలా వాళ్ళమ్మ. ఆవిడ నన్ను అక్కా అనడం అదే మొదలు. పడవవాళ్ళ పేర్లు ఒక్కటీ రాయనని చెప్పాను. ఆ పదకొండు కాగితాల మీద మాత్రం 'ఈ చేపకి పొగబెట్టింది కంపాంబా, సంపా తల్లి' అని రాసి సంతకం పెట్టాను. మీ వాళ్ళు జరిమానా వేస్తే నాకు వెయ్యమను. అసలు ఒక ఒడ్డుకి రూలూ రెండో ఒడ్డుకి సెలవూ ఏమిటని కూడా ఆ సమావేశంలో అడుగు. మూస్తే రెండు వైపులా మూయమను, మేం కూర్చుంటాం.

ఈ సంచి న్సామాకి ఇవ్వడం లేదు. చోలా వాళ్ళమ్మే వస్తోంది, నీకు స్వయంగా ఇచ్చి, ఉప్పు పొట్లాలు తను లెక్కపెట్టి తెచ్చుకుంటుందట. క్షమాపణ అడుగుతానంది. ఆవిడ అడిగే పద్ధతికి కంగారు పడకు.

గుంట సంగతి రేవులో చెప్పలేదు. అది ముందు నీకు రాయాలనుకున్నాను, కానీ రాశాక కవరు కుట్టబోతూ సూది పక్కన పెట్టాను. వెళ్ళి అమ్మకి చెప్పేశాను. చిసెన్సే చేపలు ఎండబెట్టిన చాప పక్కన కూర్చుని కాకుల్ని తోలుతోంది. అంతా విని కాకుల్ని తోలడం మానేసింది. తిడుతుందని చూశాను. ముప్ఫై ఏళ్ళుగా నువ్వు పడ్డ మాటలన్నీ ఇప్పుడు నాకు పడితే బాగుండుననిపించింది. "ఆ రోజు వాడికి అన్నం కూడా పెట్టలేదు నేను" అని మాత్రం అంది.

తర్వాత లేచి లోపలికి వెళ్ళింది. సంచి అడుగున గుడ్డలో కట్టిన బ్వాలి ముద్ద, పొగబెట్టిన చేప ముక్క ఉంటాయి. పడవలో పాడైపోతుందమ్మా అంటే వినలేదు. పాడైనా సరే, ఒక్క ముక్క తిను.

మడుగు కాగితాలు చదివినప్పుడు, ఈ ఒడ్డు నుంచి ఇవన్నీ చెప్పిందెవరని వాళ్ళు అడుగుతారు. ఊళ్ళోనూ అడుగుతారు. ఈసారి నా పేరే చెప్పు.

ఇట్లు,
నిన్ను దెబ్బలు తినిపించిన అక్క,
కంపాంబా