రెండో మునక

అత్తయ్యకి వందనాలు. ప్రభువు దయవల్ల కులాసా.

"పసివాడిగా ఉన్నప్పుడు వాడికి నేనిప్పించిన బాప్తిస్మం చెల్లలేదా, మళ్ళీ ఎందుకు?" అని కిందటి ఉత్తరంలో కోప్పడ్డారు. జరిగింది వినండి. మీ అబ్బాయి రోజూ ఓడల కింద మునిగి నాచు గీకే మనిషాయె. నిన్న పాస్టరుగారు తొట్టిలో ముంచగానే అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి అడుగునే కూర్చున్నారు! పాస్టరుగారు చొక్కా పట్టి లాగినా లేవరే! సంఘమంతా లేచి నిలబడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. చివరికి లేచి, ఏడుస్తూ నవ్వుతూ గట్టిగా అన్నారు: "చిన్నప్పుడు అమ్మ నన్ను ప్రభువు చేతిలో పెట్టింది. ఆ చెయ్యి నేను పట్టుకున్నది ఇవాళ!" హాలు హల్లెలూయలతో దద్దరిల్లింది. ఎవరికీ తలవంచని మనిషి, అత్తయ్యా! గెలిచింది మీ ప్రార్థనే.

మోకాలికి నూనె రాస్తున్నారా? వంటింటి కిటికీ రెక్క బాగు చేయించారా? మీ అబ్బాయి బాప్తిస్మంనాటి తెల్ల గౌను పెట్టెలో ఉంటే పంపండి. నాకు మూడో నెల. బిడ్డకి బాప్తిస్మం పసితనంలోనేనా, బుద్ధి తెలిశాకా అన్నది తల్లీకొడుకులు తీరిగ్గా తేల్చుకోండి. గౌను మాత్రం ముందు పంపండి.

మీ కోడలు