పొర కింద వేలిముద్ర

జూన్ 3, సోమవారం

మళ్ళీ ఊడింది. గాజు పలక మీద వెండి పొర, వెంట్రుకలో వెయ్యోవంతు మందం. టేపు అంటించి లాగితే టేపుతోపాటే వచ్చేస్తుంది. ఐదు నెలలుగా ఇదే వరస. పదకొండేళ్ళ కిందట యూనివర్సిటీలో చేసిన పొర ఊడలేదు. దాని మీద వేసిన పరిశోధన పేపర్ చూసే ఈ రాయదుర్గం కంపెనీ నన్ను పిలిచింది.

మేనేజర్ ప్రసాద్ గారు మర్యాదగానే చెప్పారు. కోకాపేట టవర్లవాళ్ళు పద్నాలుగున వస్తారు, ఎండ వేడి ఆపే కిటికీ గాజు కావాలి, పన్నెండు పలకలు చూపాలి. చూపలేకపోతే... ఆ మాట పూర్తి చేయలేదు. నాకు నలభై ఏడు. ఇంకెవరు పిలుస్తారు?

జూన్ 4

ఒకటి ఊడలేదు. మూడుసార్లు లాగాను. ఊడలేదు.

జూన్ 5

ఇవాళ రెండు. అలవాటు కొద్దీ ఊపిరి ఊదాను. మరక ఏదైనా ఉంటే ఆవిరి అక్కడ వేరుగా పడుతుంది. నట్టనడుమ బొటనవేలి ముద్ర. దాని మీదుగా ఏటవాలు గాటు.

కడిగింది నేను, పొర వేసే పెట్టెలో పెట్టింది నేను, గాలి తీసేసింది నేను. చేతికి గ్లవ్స్ ఉన్నాయి. నిన్నటి పలక తీసి ఊదాను — దాని మీదా ఉంది.

జూన్ 6

ఆ గాటు యాదయ్యది. యూనివర్సిటీ ల్యాబ్ అటెండర్. నేను జారవిడిచిన గాజు ఏరుతుంటే తెగింది. పొర వేసే ముందు పలకను బొటనవేలితో ఒకసారి రుద్దేవాడు. ఎన్ని తిట్టినా వినేవాడు కాదు. గిట్లయితేనే పడ్తది మేడమ్, అనేవాడు. పడింది. పేపర్‌లో మాత్రం నా పేరు, ప్రొఫెసర్ పేరు. పలకలు నేనే శుభ్రం చేశానని రాసుకున్నాను. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

జూన్ 7

మరో రెండు. మొత్తం ఐదు. ఐదింటి మీదా ఆ వేలే.

జూన్ 8, శనివారం

హఫీజ్‌పేట్ వెళ్ళాను. స్టేషన్ వెనక కాలనీ. యాదయ్య మంచం మీద కూర్చుని, గోడను బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు. మంగళవారం నుంచి ఇదే పని, అంది భార్య లక్ష్మమ్మ. రేషన్ దుకాణంలో మిషన్ అతని వేలు తీసుకోవడం లేదట. చెయ్యి పట్టి చూపించింది. గీతలు లేవు, గాటు లేదు. నున్నగా ఉంది.

"ఇప్పటికి ఐదయినయ్ గద మేడమ్," అన్నాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. లేచి వస్తుంటే మెల్లగా అడిగాడు.

"ఈసారన్న నా పేరు రాస్తరా?"

రాస్తానన్నాను.

జూన్ 10

కోకాపేటవాళ్ళకిచ్చే రిపోర్టులో 'తయారు చేసినవారు' గడిలో ముందు యాదయ్య పేరు, తర్వాత నాది. ఈయన ఎవరండీ అన్నారు ప్రసాద్ గారు. పొర నేర్పినాయన, అన్నాను. ఇన్నేళ్ళకి గుండె తేలికపడింది.

జూన్ 11

మూడు చేశాను. మూడూ ఊడాయి. ఊదితే ఆవిరి సమంగా పరుచుకుంది, ఏ ముద్రా లేదు.

నా బొటనవేలితో రుద్ది ఇంకొకటి చేశాను. అదీ ఊడింది.

జూన్ 12

లక్ష్మమ్మ ఫోన్. మిషన్ల వేలు పడ్డది, బియ్యం తెచ్చుకున్నం, ఇగ ఫికర్ లేదు మేడమ్... ఆయన గోడ వదిలేశాడట, పొద్దున కడుపునిండా తిన్నాడట.

సంతోషం. నిజంగానే సంతోషం. ఇంకా ఏడు పలకలు కావాలి.

జూన్ 13, గురువారం

పదకొండింటికి ప్రసాద్ గారు వచ్చి బల్ల మీది ఐదూ లెక్కపెట్టారు. రేపే కదా అని గుర్తుచేసి వెళ్ళారు.

పేరు రాశాకే ముద్ర ఆగింది. రిపోర్టు తెరిచాను. యాదయ్య పేరు చెరిపేశాను. రేపు గడిస్తే మళ్ళీ పెట్టొచ్చు, ఎవరు వద్దంటారు, అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏడు పలకలూ పెట్టెలో అమర్చి, తలుపు బిగించి, గాలి తీసే పంపు వేశాను.

సిగ్గేసింది. తర్వాత ఆకలేసింది. కింద క్యాంటీన్‌లో రెండు ఇడ్లీలు తిని వచ్చాను. పంపు ఇంకా నడుస్తోంది.

ఇన్నాళ్ళూ ఒక్కొక్కటే పెట్టాను. ఏడు ఒకేసారి ఎప్పుడూ పెట్టలేదు. అన్నిటికీ ఒక్క బొటనవేలు సరిపోతుందా...