పదింటికి కెప్టెన్ ఫోన్

మార్చి 3
టూత్‌పేస్ట్ యాడ్ కోసం పాత సీరియల్ రోబో గొంతు ఇరవై రెండుసార్లు చెప్పాను. అసలు రోబో కంటే నువ్వే రోబోలా ఉన్నావని సౌండ్ ఇంజనీర్ అన్నాడు. పొగడ్తో తిట్టో తెలియలేదు. ఇన్నేళ్ళ మిమిక్రీలో నా సొంత గొంతు కావాలని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు.

బయట ఒకాయన నా కోసం కాచుకుని ఉన్నాడు. అదే సీరియల్లో అంతరిక్ష నౌక నడిపిన కెప్టెన్ వేషం వేసింది వాళ్ళ నాన్నేనట. పోయి నాలుగు నెలలైందట. అమ్మ నమ్మడం లేదు, షూటింగ్‌కి వెళ్ళారనుకుంటోంది, తిండి ముట్టడం లేదు అన్నాడు. రోజూ పదింటికి నాన్నలా ఫోన్ చేయమన్నాడు. పుణ్యం, పురుషార్థం రెండూ కలిసొస్తాయని ఒప్పుకున్నాను.

మార్చి 4
నా గొంతు వినగానే ఆమె ఏడ్చేసింది. తిన్నారా అని అడిగింది. నువ్వు తింటేనే తింటానన్నాను. తిన్నదని మధ్యాహ్నం కొడుకు చెప్పాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. మా ఆవిడ మాత్రం ఇది నిప్పుతో చెలగాటమంది. ఈవిడ నన్ను ఎప్పుడు మెచ్చుకుంది గనక!

మార్చి 9
ఇప్పుడు లైన్లు కొడుకే మెసేజ్‌లో పంపుతున్నాడు. పైవాటా వాళ్ళతో మాటలొద్దని చెప్పమన్నాడు. చెప్పాను.

మార్చి 12
కూతురు వస్తే తలుపు తీయొద్దు. ఇదీ ఈరోజు లైన్. ఎందుకని అడిగితే, అక్క వస్తే అమ్మ కుదురుగా ఉండదు, మా ఇంటి గొడవ మీకెందుకు అన్నాడు. నిజమే, నాకెందుకు? కెప్టెన్ ఆజ్ఞలిచ్చే ఖంగుమనే గొంతుతో చెప్పాను. సరేనండీ అంది. నా మాట మా కుక్క కూడా వినదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, బాగుంది.

మార్చి 15
కూతురు గంటసేపు తలుపు కొట్టినా తాను తీయలేదని ఆమె మురిసిపోతూ చెప్పింది.

మార్చి 17
నిద్రమాత్రలు ఇకనుంచి ఒకటి కాదు, మూడేసి వేసుకోమని చెప్పాలట. డాక్టర్ చెప్పాడా అని మెసేజ్ పెట్టాను. మళ్ళీ అదే లైన్ పంపాడు. గొంతు పట్టేసిందని కొడుకుతో అబద్ధమాడి ఆమెకు ఫోన్ చేయలేదు.

మార్చి 18, ఉదయం 9.50
మా ఆవిడ పక్కన కూర్చుంది. నా గొంతుతోనే ఫోన్ చేశాను. నేను మీ ఆయన్ని కాదమ్మా, గొంతులు అనుకరించేవాణ్ణి, ఆయన ఇక లేరు, మాత్రలు ఎక్కువ వేసుకోకండి, కూతురికి తలుపు తీయండి అని ఏకబిగిన చెప్పేశాను. ఆమె అంతా ఓపిగ్గా విన్నది. మధ్యలో రెండుసార్లు ఆవలించింది. ఇక పెట్టెయ్ బాబూ, ఆయన ఫోన్ చేసే టైమైంది అంది.

10.00
కెప్టెన్‌గా చేశాను. ఒకటికి మించి మాత్ర వేసుకోవద్దన్నాను. ఆమె మాట ముద్దముద్దగా వస్తోంది. నిన్న ఫోన్‌లో మూడేసి వేసుకోమన్నది మీరేగా, పొద్దున్నే వేసుకున్నానండీ అంది.

నిన్న నేను ఫోన్ చేయలేదు.

భయమేస్తోంది. ఆమె ఇల్లెక్కడో నాకు తెలియదు, అడుగుదామని మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు. ఇన్నాళ్ళూ అడగాలని కూడా తోచలేదు. ఉన్నవి ఆమె నంబరు, కొడుకు నంబరు, అంతే. మా ఆవిడ పోలీసులకు ఫోన్ చేస్తే వాళ్ళూ ముందు అడ్రసే అడిగారు, నంబర్లిస్తే కనుక్కోడానికి టైము పడుతుందన్నారు.

11.15
ఈసారి ఫోన్ కెప్టెన్ ఎత్తాడు. రోజూ నా ఫోన్లు విని నేర్చాడేమో, నాకంటే బాగా చేస్తున్నాడు. అమ్మ పడుకుంది, లేపొద్దన్నాడు.